ట్రాక్టర్ సీటు బండి

ఆ రోజుల్లో నాకు రెండే విద్యలు వచ్చు: ఎదుటివాణ్ణి ఆటపట్టించడం, వాడు తిట్టేలోపు అక్కడి నుంచి జారుకోవడం. (మూడోది నేర్పాలని బడి పాపం చాలా ప్రయత్నించింది. తొమ్మిదో తరగతిలో ఇద్దరం ఒకరికొకరం నమస్కారం పెట్టుకుని విడిపోయాం.) ఆదోనిలో పత్తి మిల్లులో పనికి పోతూ, పాతసామాన్ల అంగట్లో ఇంజను మాత్రం బాగున్న ఒక ముసలి మోటారు సైకిల్ కొన్నాను. దాన్ని ఊళ్లో ఎవరికీ లేనట్టు తయారుచేసి ఎమ్మిగనూరు జాతరకు పోవాలని ఆశ. నా ఒక్కడిదే కాదు, మా ఇంటి వెనక రేకుల కింద నాతో పాటు చెమటోడ్చిన ఇద్దరిదీ. ఒకడు వెల్డింగ్ పనివాడు, ఏ చుట్టరికమూ లేకున్నా అందరికీ బావే. రెండోవాడు లారీల మీద బొమ్మలు వేసే రంగులన్న. ముగ్గురం ఆ బండి మీదే జాతరకు పోవాలని మొదటిరోజే మాట అనుకున్నాం.

ఎన్ని ఆదివారాలు పోశామో దానికి. బావ హ్యాండిల్ పొడుగు చేశాడు, రంగులన్న ట్యాంకు మీద నెమలిని వేశాడు, నేను స్పానర్లతో పాటు జోకులు అందించాను. నేను బుర్ర వాడింది సీటు దగ్గర ఒక్కచోటే. స్ప్రింగుతో సహా ఒక పాత ట్రాక్టర్ సీటు తెచ్చాను. అది పట్టాలంటే బండి వెనక భాగం కోసెయ్యాలి.

"కోసినంక మళ్లీ అతకమంటే నా వల్ల కాదు, సూసుకోప్పా" అన్నాడు బావ.

"కొయ్యి బావా" అన్నాను.

కోశాడు. ఒకరి తర్వాత ఒకరం ఎక్కి, జమీందారుల్లా ఊగి మురిసిపోయాం గానీ, ముగ్గురం ఒక్కసారి ఎక్కి చూడాలని ఎవరికీ తట్టలేదు.

జాతరనాడు ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక బావ బండి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. "అవునప్పా, మేం యాడ కూర్సోవల్ల?"

చుట్టూ వీధంతా ఉంది. వీధి ఉంటే నా నోరు ఆగదు. "మీకేమప్పా, బస్సుంది గదా. సాయంత్రం బండి కడిగే యాళకు వస్తే సాలు."

వీధి నవ్వింది. వాళ్లిద్దరూ నవ్వలేదు. రంగులన్న గోటికంటిన నీలిరంగు గీక్కుంటూ, "సరే, పోయిరాప్పా" అన్నాడు.

బస్సులో వస్తారులే అనుకున్నాను. ఎమ్మిగనూరులో జనం బండి చుట్టూ మూగారు. "ఎవరు సేసినారప్పా దీన్ని?" అని ఒక పెద్దాయన అడిగాడు. "నేనే" అన్నాను. మామూలుగా అయితే ఆ మాటకు బావ నా నెత్తిన ఒకటి మొట్టి, "వీనికి నట్టేదో బోల్టేదో తెల్దు" అనాలి. ఎవరూ మొట్టలేదు. ఆదోని బస్సులు మూడు వచ్చాయి. దిగినవాళ్లందరి ముఖాలూ చూశాను.

తిరిగొచ్చాక వాళ్ల ఇళ్లకు పోలేదు. జోకు నేర్చిన నోటికి "తప్పయింది" అనడం రాదు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే బావ బెంగళూరుకు గేట్ల పనికి పోయాడు, రంగులన్న కోడుమూరులో అత్తగారింటికి మకాం మార్చాడు.

తర్వాత ఎవరో తెలియని వెల్డర్ చేత వెనక ఇద్దరికి సరిపడే పొడుగు సీటు పెట్టించాను. ఇప్పుడు దారిలో చెయ్యెత్తినవాళ్లనల్లా ఎక్కించుకుంటాను. మొన్న గోనెగండ్ల దగ్గర ఎక్కిన ఒక రైతుకు ఈ కథంతా, "తప్పయింది" అన్న మాటతో సహా, ఆదోని దాకా చెప్పుకొచ్చాను. ఆయన దిగి, తలగుడ్డ సర్దుకుని, "గాలికి ఒక్క ముక్కా ఇనపల్లేదప్పా. కానీ బాగా సెప్పినావు" అన్నాడు. నవ్వొచ్చింది. ఆయన మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను.