మీకు చలిగా లేదూ?

మురియల్ గారు ఇంటి ముందు కూర్చుంటారు. ఆవిడ మీద ఉన్న ఫిర్యాదల్లా ఇదే.

లాబర్నమ్ క్లోజ్ అనే ఆ చిన్న వీధిలో ఎవరూ ఇంటి ముందు కూర్చోరు. ముందున్న పచ్చిక కత్తిరించడానికి, గులాబీలు పక్కవాళ్ళు చూసి కుళ్ళుకోవడానికి. కూర్చోవడం, పగలబడి నవ్వడం, చొక్కా విప్పడం లాంటి పనులన్నీ వెనక పెరట్లో, కంచె చాటున. పిల్లి దగ్గితే మూడిళ్ళకు వినిపించే వీధి అది. అలాంటి చోట మురియల్ గారు వాకిట్లో మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, పోయేవాళ్ళను పేరుపెట్టి కేకేసేవారు.

వీధి సంఘానికి పెద్ద పక్కింటి క్లైవ్. ఎదురింటి డాఫ్నీ పోరగా పోరగా మాట్లాడడానికి బయలుదేరాడు. అక్కడ ఎవరూ ఎవరినీ నేరుగా లోపలికి వెళ్ళమనరు. అందుకు వేరే మాట ఉంది.

"మీకు చలిగా లేదూ?" అన్నాడు.

"చలిగానే ఉంది నాయనా. భలే గుర్తు చేశావు."

ఆవిడ లోపలికి వెళ్ళారు. క్లైవ్ ఊపిరి పీల్చుకునేలోపు కంబళితో తిరిగొచ్చారు.

మరోరోజు "వాన వచ్చేట్టుంది" అన్నాడు. సముద్రపుటొడ్డున పాతే గొడుగు పచ్చికలో వెలిసింది.

"లోపల మెత్తటి కుర్చీలున్నాయి కదండీ, నడుముకు హాయి" అన్నాడు. సాయంత్రానికి రెండు సోఫా కుర్చీలు బయటికొచ్చాయి. రెండోది ఎవరికని అడగడం మర్యాద కాదు. ఎవరూ అడగలేదు.

డాఫ్నీ నిలదీసింది. "మీరింకోసారి మాట్లాడితే ఆవిడ మంచం తెస్తుంది. ఈసారి తిన్నగా చెప్పండి."

క్లైవ్ బుద్ధెరిగాక ఎవరికీ ఏదీ తిన్నగా చెప్పలేదు. ఆఫీసులో సెలవు పెట్టి, "ఆ కుర్చీ తీసెయ్యండి" అని దారిపొడుగునా వల్లించుకుంటూ మధ్యాహ్నమే వచ్చాడు.

వచ్చి చూస్తే రెండో కుర్చీలో వాళ్ళ నాన్న స్టాన్లీ. తలకు టోపీ, చేతిలో ఆఫీసు సంచి, కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు. ఎప్పుడో ఉద్యోగం మానేసిన సంగతి పెద్దాయన ఈమధ్య మర్చిపోతున్నాడు. పగలంతా టీవీ ముందే ఉంటాడని కొడుకు నమ్మకం.

"ఆలస్యమైపోతోంది మురియల్" అంటున్నాడు స్టాన్లీ.

"నీ బస్సింకా రాలేదయ్యా. వస్తే చెప్తాగా. ఈలోపు టీ తాగు."

ఆ వీధికి బస్సు రాదు. ఏనాడూ రాలేదు.

స్టాన్లీ బిస్కెట్టును టీలో ముంచి విరగ్గొట్టుకుని, దాన్ని వెతికే పనిలో పడ్డాడు. క్లైవ్ గొంతు తగ్గించాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఒకరోజు పెద్దరోడ్డు దాకా పోయాడు. ఆ మర్నాడే కుర్చీ వేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తలుపుకు తాళం పెడతావు. మంచివాడివి, తప్పకుండా పెడతావు. నా వాకిలి, నా కుర్చీ. వీధంతా కట్టగట్టుకుని వచ్చినా తియ్యను. పో, సంఘంలో చెప్పుకో."

వల్లించుకున్న మాట క్లైవ్ నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసి తన ఇంట్లోకి వెళ్ళాడు.

కాసేపటికి వాళ్ళింటి పెద్ద సోఫా వీధి గుమ్మంలో ఇరుక్కుంది. వెనకనుంచి క్లైవ్ తోస్తున్నాడు. ఎదురింటి కిటికీ తెర కదిలింది. తర్వాత తలుపు తెరుచుకుంది.

"క్లైవ్ గారూ," అంది డాఫ్నీ, ఒక్కో అక్షరం నొక్కుతూ, "మీకు చలిగా లేదూ?"

"చలిగానే ఉందండీ" అన్నాడు క్లైవ్. "ఆ మూల కాస్త పట్టండి."