మొగుడి పేరు చెప్పని మేనత్త

మిర్యాలగూడ దవాఖానలో మా మేనత్త కన్నుమూసిందని తమ్ముడు ఫోన్ చేసేటప్పటికి నేను సూర్యాపేటలో, బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని ఉన్నాను. "అత్తమ్మ ఇగ లేదక్కా" అన్నాడు వాడు. "అమ్మా!" అని గట్టిగా అనేశాను. ఎదురుగా పాస్‌బుక్ చాపి నిలబడ్డ పెద్దాయన కంగారుపడి, "ఏమైంది బిడ్డా, అమ్మకేమన్న అయిందా?" అని అడిగాడు. అవునని తలూపాను. మా అమ్మ నిక్షేపంగా ఉంది. ఆ సమయానికి అత్తమ్మ తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ ఉంది. అయినా నేను ఆ పెద్దాయనకు అబద్ధం చెప్పలేదు. అది అబద్ధం ఎందుకు కాదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది మాడుగులపల్లి దగ్గర ఊరు. నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. అమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. ఊరి బడిలో ఐదో తరగతితో నా చదువు ఆగింది. గురుకులం పరీక్ష రాస్తే సీటు రాలేదు. మా ఊరి షావుకారు పిల్లలు కోదాడలో ప్రైవేటు హాస్టల్ బడిలో చేరి, సెలవులకు టై కట్టుకుని వచ్చారు. ఆ టై చూసి నేను అన్నం మానేశాను. "హమాలీ బిడ్డకు హాస్టల్ సదువా? ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందట!" అని అమ్మ కసిరింది. నాన్న బయటికి వెళ్లి బీడీ ముట్టించాడు.

మేనత్త నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే ఆమె మొగుడు బొంబాయికి పనికని పోయి, ఇక తిరిగి రాలేదు. పిల్లలు లేరు. హుజూర్‌నగర్‌లో ఒక వంటమేస్త్రి దగ్గర పెళ్లి వంటలు చేసి బతికేది. బొట్టు, మట్టెలు తీయలేదు. ఎవరైనా సాగదీస్తే, "పోయినోడు పోయిండు, నా బొట్టెందుకు పోవాలె?" అనేది. ఆ నోటికి మా ఊరి పెద్దమనుషులు కూడా పక్కకు తప్పుకునేవారు.

నా అలక సంగతి విని ఆమె బస్సు దిగి, చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడింది. "కోదాడ బడిల వంటమనిషి కావాల్నంట. గాడ పనిచేసేటోళ్ల పిల్లలకు హాస్టలు, సదువు రెండూ మాఫీ అంట. పిల్లను నాకియ్యిండ్రి" అంది.

"కన్నపిల్లలకే గదనే ఇచ్చేది?" అన్నాడు నాన్న.

"నేను కంటే గిట్లనే ఉండకపోవునా?" అని అత్తమ్మ నా ముక్కు పట్టి లాగింది. నాది అచ్చం మేనత్త ముక్కు. ఆ ముక్కు మీద భరోసాతోనే మేము కోదాడకు బయలుదేరాం.

దారంతా నాకు ఒకటే పాఠం. "అత్తమ్మా అని నోటికొస్తే ముందట సగం మింగు, ఎనక సగం పలుకు." అంతా బాగానే సాగింది, హాస్టల్ వార్డెన్ మేడం నా టీసీ చేతిలోకి తీసుకునేదాకా. "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగారావిడ. టీసీలో ఉన్నది మా నాన్న పేరు. అంటే అత్తమ్మకు తోడబుట్టినవాడి పేరు! ఇంత ఎత్తు వేసిన మనుషుల్లో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఊరందరికీ బుద్ధులు చెప్పే అత్తమ్మకూ తట్టలేదు. అన్నను పట్టుకుని మొగుడని ఏ ఆడమనిషి అంటుంది? ఇక అయిపోయింది, తిరుగు బస్సే అనుకున్నాను.

అత్తమ్మ టీసీ వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా తల వంచి, "మొగని పేరు నోటితోని ఎట్ల చెప్తం మేడం? కాయిదంల ఉన్నది గదా, మీరే సదువుకోండ్రి" అంది. మేడం పకపకా నవ్వారు. "ఈ రోజుల్లో కూడానా? సరేలే తల్లీ" అంటూ రాసేసుకున్నారు.

బయటికి వచ్చాక, "అబద్ధమాడితివి కదా అత్తమ్మా" అన్నాను.

"నేనేడ ఆడిన? సిగ్గుపడ్డ, గంతే."

అలా ఆ సిగ్గుతో నాకు సీటు దొరికింది. కానీ నాన్న ఇక ఆ గేటు లోపలికి రాలేకపోయాడు. తండ్రినని వస్తే చెల్లెలికి మొగుడైపోతాడు. మేనమామనని రావచ్చు గానీ, పేరడిగితే? ఆయనకు ఇంకో పేరు చెప్పడం చేతకాదు, ఉన్నదే చెప్పేస్తాడు. అమ్మకు ఆ చిక్కు లేదు. "మా వదినె" అని అత్తమ్మ అమ్మను చూపించేది, అది నిజమే కదా. అమ్మ మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నా మేనకోడలు మేడం" అని చెప్పాల్సి వచ్చేది. ఆ మాట అన్న ప్రతిసారీ అమ్మ గొంతు బొంగురుపోయేది.

తల్లిదండ్రులు వచ్చే ఆదివారాల్లో బడి ఆవరణలో షామియానా వేసేవారు. అమ్మ తెచ్చిన జొన్నరొట్టె, కోడికూర తింటూ నేను గేటు వైపు తిరిగి కూర్చునేదాన్ని. రోడ్డు అవతల పంక్చర్ షాపు దగ్గర నాన్న ఉండేవాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకునేవాడు. నిన్ను చూశాను బిడ్డా అని దానర్థం. నేను జడ రిబ్బను విప్పి మళ్లీ కట్టుకునేదాన్ని. మిగతా పిల్లలు తండ్రుల భుజాల మీద వేలాడుతుంటే నాకు కడుపు మండేది, ఆ సంగతి ఇప్పుడైనా చెప్పనివ్వండి.

అత్తమ్మ నాకు మెస్సులో ఒక గరిటె కూడా ఎక్కువ వడ్డించలేదు. "ఆ పిల్లల తల్లులు గీడ లేరు. నీ తల్లి ఉన్నది. ఇంకేం గావాలె నీకు?" అనేది. సాంబారు మరుగుతుండగా అరచేతిలో చుక్క వేసుకుని, దగ్గరున్న పిల్ల నోటికి అందించి, "ఉప్పు సూడు బిడ్డా" అనేది. జ్వరమొచ్చిన పిల్లలు ఆమె గదిలోనే పడుకునేవారు. కొన్నాళ్లకు హాస్టలంతా ఆమెను అమ్మా అనే పిలిచింది. నేర్చుకుని పిలిచింది నేనొక్కదాన్నే.

ఇది మోసం కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. నేనూ ఒకసారి అడిగాను. "మోసమే" అంది, అన్నం గంజు దించుతూ. "మరి నేను పొయ్యి కాడ ఉడికేది ఉడుకు కాదా? కన్నతల్లి ఉడికితే పిల్ల సదువుకు సాలుతదంట, మేనత్త ఉడికితే సాలదంట. గిదేం న్యాయమే?"

పదో తరగతిలో గండం వచ్చి పడింది. పనివాళ్లలో ఎవరో పక్కింటి పిల్లను తమ పిల్లేనని చేర్పించారట. మాఫీ ఉన్న పిల్లల తండ్రులు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే పిల్లలను పంపేస్తాం అన్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. "నేనొచ్చి కాళ్లు పట్టుకుంట, నిజం చెప్త" అన్నాడు నాన్న ఫోన్‌లో. "గేటు దాటినవంటే నా మీద ఒట్టే అన్నా" అని అత్తమ్మ ఫోన్ పెట్టేసింది. తిన్నగా వార్డెన్ మేడం గదికి నడిచింది, నేను వెనకాలే.

"ఆ మనిషి రాడు మేడం" అంది. "బొంబాయి పోయిండు, మళ్ల రాలే. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. ఉన్నడో పోయిండో తెల్వదు. ఈ బొట్టు నా అంతల నేనే పెట్టుకుంటున్న." అని ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఏడవగా చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. మేడం కుర్చీలోంచి లేచి వచ్చి ఆమెను పట్టుకున్నారు. సంతకం మాట మళ్లీ ఎత్తలేదు.

వంటగదికి వచ్చాక భయం భయంగా, "యాక్టింగ్ చేసినవా అత్తమ్మా?" అన్నాను.

"యాక్టింగ్ నాకేడ వస్తది బిడ్డా? మస్తు ఏండ్ల సంది దాసిపెట్టుకున్న. ఇయ్యాలకన్న పనికొచ్చింది." ముక్కు చీది, చేతులు కడుక్కుని, పప్పు ఎనపడానికి కూర్చుంది.

నేను కాలేజీకి వెళ్లిపోయాక కూడా ఆమె ఆ పొయ్యి వదల్లేదు. మోకాళ్లు అరిగిపోయాకే మా ఇంటికి వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు అందరికీ స్వీట్లు పంచి, "ముక్కు నాది, తెలివి వాళ్ల అమ్మది" అని అమ్మ చేతిలో పెద్ద లడ్డూ పెట్టింది.

కన్నుమూసిన అత్తమ్మను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజు, కబురు తెలిసి వార్డెన్ మేడం కోదాడ నుంచి వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆవిడ ఆటో దిగడం చూడగానే, చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చున్న నాన్న గబుక్కున లేచాడు. రోడ్డు దాటి, అవతల కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు. ఎవరూ పొమ్మనలేదు. పోగొట్టుకోవడానికి ఇప్పుడు ఏ సీటూ లేదు. అయినా వెళ్లి నిలబడ్డాడు.

మేడం నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు. "మీ అమ్మ చేతి పప్పుచారు ఇంకా నోట్లోనే ఉందమ్మా" అన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మీరు అత్తయ్య కదూ? గుర్తున్నారండి" అన్నారు. ఇక చాలు, నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"అవును మేడం" అంది అమ్మ. "నా మేనకోడలే. తల్లి లేని పిల్లయింది."

ఈసారి అమ్మ గొంతు బొంగురుపోలేదు. నేనే ఆగలేక రోడ్డు వైపు తల తిప్పాను. అవతల నాన్న తలకున్న తువ్వాల విప్పాడు. దులిపాడు. నా చెయ్యి దానంతట అదే జడ మీదికి పోయింది. కానీ ఆయన నన్ను చూడటం లేదు. తువ్వాల మళ్లీ చుట్టుకోకుండా, చేతిలో అలాగే పట్టుకుని, చెల్లెలి వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.