చలికాలంలో గేరు జాగ్రత్తలు

ఆటోమేటిక్ కార్ల గేరుబాక్సులు బాగుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊళ్లో పేరు. అందరూ గేర్ల మాస్టారు అంటారు. చలికాలం వచ్చిందంటే షెడ్డుకొచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే పాఠం: "పొద్దున్నే గేరుబాక్సులో ఆయిల్ చిక్కబడి ఉంటుంది. బండి స్టార్ట్ చేసి కాసేపు ఆగండి బాబూ, కొంపలేం మునిగిపోవు!"

ఆ పాఠమే చెప్పమని డ్రైవర్ల సంఘం ఒక ఆదివారం ఉదయం ఆయన్ని సభకు పిలిచింది. తీరా బయల్దేరేసరికి ఆలస్యమైంది.

"బండి కాస్త వేడెక్కనివ్వండి" అంది పక్కన కూర్చున్న భార్య.

"నాకే చెప్తున్నావా?" అంటూ ఆయన స్టార్ట్ చేసిన మరుక్షణమే గేరు వేసి గట్టిగా తొక్కాడు. కారు ఒక్క కుదుపు కుదిపి, రెండో గేరు దాటనని మొండికేసింది. దారి పొడవునా నత్తనడకే. సైకిళ్లు కూడా దాటిపోయాయి.

సభ గేటు దగ్గర ఎదురుచూస్తున్న డ్రైవర్లంతా కారు మెల్లగా పాకుతూ రావడం చూశారు.

"చూడండ్రా, ఇంత ఆలస్యమైనా మాస్టారు బండిని తొందరపెట్టలేదు!" అన్నాడు సంఘం పెద్ద. చప్పట్లు మోగాయి.

మాస్టారు కాదనలేదు. పైగా ఓపిక గురించి చాలాసేపు మాట్లాడాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయన భార్యే.

తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడ చెయ్యి చాపింది. ఆయన తాళాలు ఇచ్చేశాడు.