కువైట్ నుంచి రాని ఫోన్

మొన్న పొద్దున నోరు పుక్కిలించక ముందే దిండు పక్కన ఫోన్ గుర్రుమంది. చూస్తే మా బావ మెసేజి. యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ కప్పులో రాత్రి ఎవరు గెలిచారో, ఎన్ని గోల్స్‌తో గెలిచారో రాసి, కింద రెండు నవ్వు బొమ్మలు పెట్టాడు. ఆ బొమ్మలు చూడగానే ఇరవై ఏళ్లుగా నా కడుపులో ఆరని కుంపటి మళ్లీ రాజుకుంది. పాము పన్నెండేళ్లు పగబడుతుందంటారు. ఆ విద్య అది నా దగ్గరే నేర్చుకుని, మధ్యలో మానేసి పోయింది.

ఎస్టీడీ బూత్ అంటే ఏమిటో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉరవకొండలో మా ఇంటి ముందు గదిలో నాకొకటి ఉండేది. లోపలి గదిలో మంచం మీద, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన మా నాయన. నలభై ఏళ్లు వానను నమ్మి శెనక్కాయ వేసిన మనిషి, ఇక చేనికి పోలేనని తెలిశాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన్ని మళ్లీ ఇటు తిప్పింది ఆ ఏటి ఫుట్‌బాలే. రాత్రి జరిగిన ఆటను మర్నాటి సాయంత్రం ఆరింటికి టీవీలో మళ్లీ వేసేవారు. ఆటగాళ్ల పేర్లు ఆయనకు నోరు తిరగవు, నియమాలు తెలియవు. ఎర్ర చొక్కాల జట్టు మనది అన్నాడు, అంతే. ఇక ఓడిపోయిందనుకున్నప్పుడల్లా అది తేరుకుంటుంటే, ఎండిన పైరు రెండు చినుకులకు తలెత్తినట్లుందని సంబరపడేవాడు. ఆయన లెక్కలో ఆ ఆట అప్పుడే జరుగుతున్నట్లు.

ఆ సంబరానికి చీడ మా బావ. మా అక్క మొగుడు, కాపురం రెండు వీధుల అవతల. కువైట్‌లో కారు తోలే ఆయన స్నేహితుడు ఆట ముగిసిన మర్నాడు పొద్దున్నే నా బూత్‌కు ఫోన్ చేసి ఫలితం చెప్పేవాడు. బూత్ నాది, ఫోన్ నాది, నోరు మాత్రం బావది. నేను చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాణ్ణి. ఆయన వేపపుల్ల నములుతూ నేరుగా నాయన మంచం దగ్గరికి పోయి ఊదేసేవాడు. మా వైపు అల్లుణ్ణి మామ కసరడు, బామ్మర్ది కసిరితే అక్క కన్నీళ్లు పెట్టుకుంటుంది.

సెమీఫైనల్ మర్నాడు కూడా అంతే. "మామా, మీ ఎర్రోళ్లు ఒక్క గోలుతో గట్టెక్కినారులే. ఇంగ సాయంత్రం టీవీ యాల? కరెంటు దండగ," అన్నాడు. ఆరింటికి నేను టీవీ పెట్టబోతే నాయన వద్దని చేయి ఊపి గోడ వైపు తిరిగాడు. ఆ వీపు చూసి ఒట్టు పెట్టుకున్నాను. ఫైనల్ మా నాయన ఫలితం తెలియకుండా చూడాలి, బావ పదిమందిలో తల దించుకోవాలి.

రోహిణి కార్తె ఎండలు. ఫైనల్‌కు ముందు రోజు ఒక్క చినుకైనా లేని ఉత్త గాలి లేచి, నా ఫోన్ తీగను తెంపి పోయింది. కేబుల్ తీగ ఎట్లాగో బతికింది. ఈ సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఫైనల్ మర్నాడు బావ పుల్లతో దిగాడు.

"ఏమిరా బామ్మర్దీ, కువైట్ ఫోన్ వచ్చిండాదా?"

"వచ్చింది బావా. నువ్వింకా రాలేదని నాకే చెప్పి పెట్టేసినాడు."

ఇక్కడ చిన్న అబద్ధం పనికిరాదు, ఖర్మకాలి నిజమైతే కష్టం. భూమ్మీద ఎక్కడా జరగనిది కావాలి. "ఎర్రోళ్లు సగం ఆటకే మూడు గోల్స్ తిన్న్యారు. ఆ పైన ఆరే నిమిషాల్లో మూడూ కొట్టినారు. కడాకు పెనాల్టీల్లో గెలిచినారు," అన్నాను.

నమ్మాడు! నాయనకు చెప్పాడు, టీ అంగడిలో చెప్పాడు, సాయంత్రం పదిమందిని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. "ఏమప్పా, పొద్దున్నే కల్లు పట్టించినావా?" అని వాళ్లు ఎగతాళి చేస్తుంటే నేను లోలోపల చిందులేస్తున్నాను.

ఆట మొదలైన నిమిషానికే ఎర్రవాళ్లు గోలు తిన్నారు. "ఒకటి," అన్నాడు బావ. సగం ఆటకు మూడు. ఆ తర్వాత ఆరు నిమిషాల్లో, నా నోట్లోంచి ఊడిపడినట్లు, వరసగా మూడు గోల్స్. కడాకు పెనాల్టీలు. నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది, అదీ పొరపాటున. ఆనాటి నుంచి బావ నోట అబద్ధం రాదని ఊరంతా పేరు. పంచాయితీలకు కూడా పిలుస్తారు. అది నా అబద్ధమని చెప్పుకుందామంటే, నన్నెరిగిన వాళ్లు నమ్మితే కదా!

అందరూ వెళ్లాక నాయన దగ్గరికి పిలిచాడు. ఆట సాగినంతసేపూ మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకో అప్పుడు తెలిసింది.

"రేయ్, ఫోన్ రింగయి రెండు దినాలైంది గదరా. పండుకున్నోనికి చెవులు గూడా పడిపోయినాయనుకుంటివా?"

పొద్దున్నే ఆయనకు తెలిసిపోయింది. ఆటకన్నా, కొడుకు అబద్ధం నిలబడుతుందా పడుతుందా అని చూశాడు. "ఇంత బాగా చెప్తావే, వాన గురించి గూడా ఒకటి చెప్పరాదా," అన్నాడు. మృగశిరకు చెరువులు తెగే వాన పడుతుందన్నాను. పడలేదు. మరుసటి ఏడు కప్పు మొదలయ్యేసరికి మంచం ఖాళీ అయింది.

ఇప్పుడు బంతి వలలో పడీ పడకముందే ఫోన్ కూస్తోంది. ఆట జరగడానికీ మనకు తెలియడానికీ నడుమ అప్పట్లో ఒక పగలంతా ఉండేది. అబద్ధమైనా సరే, ఆ పగలంతా ఊరు తిరిగి నిజమై ఇంటికి వచ్చేది. ఆ పగలు ఎటు పోయిందో.

బావా, నువ్వు చదువుతావని తెలిసే ఇదంతా రాస్తున్నాను. ఆ రోజు కువైట్ నుంచి ఫోన్ రాలేదు. నమ్మకం లేకపోతే నాయన్ని అడుగు అందును. ఉన్న ఒక్క సాక్షీ ఆయనే.