బెల్జియంలో చోటు

యుద్ధం రోజుల్లో బందరు నుంచి హైదరాబాదుకు కొత్తగా వచ్చాను. ఒకనాడు చార్మినార్ దగ్గర చాంద్రాయణగుట్ట బస్సు ఎక్కి, పరదా వెనక ఆడవాళ్ళ బల్ల మీద బొంత పరిచి బాబును పడుకోబెట్టాను. వాడికి జ్వరం ఈమధ్యే తగ్గింది. ఎవరి ఊపిరి తగులుతుందోనని నా భయం.

బస్సు నిండిపోయింది. చంకలో పిల్లతో ఒకామె నా పక్కనే నిలబడింది. నేను చూడనట్టే, ఎదుట కూర్చున్న తెల్ల సన్యాసినితో ఇంగ్లీషులో మాట కలిపాను. ఆమెది బెల్జియమట.

"దొరసానిది ఏ ఊరు బిడ్డా?" అని పక్కనున్న ముసలమ్మ అడిగింది.

కాలేజీలో భూగోళం చదివినదాన్ని, ఊరుకుంటానా! "బెల్జియం అవ్వా. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అడవి గుట్టలు. మీ నిజాం రాజ్యంలో ఒక మూలకు సరిపోతుంది. అంత చిన్న దేశంలో జనం మాత్రం కిక్కిరిసి ఉంటారు. వాళ్ళందరికీ చోటెలా సరిపోతుందో!" అన్నాను.

"ఎట్లేంది బిడ్డా? జర జరిగి కూసుంటరు," అంది అవ్వ.

పరదా వెనక అందరూ నవ్వారు. అవ్వ ఏమందని సన్యాసిని నన్ను అడిగింది. తల దించుకుని బాబును ఒళ్ళోకి తీసుకున్నాను.

నిలబడ్డామె వెంటనే కూర్చోలేదు. "పిల్లగానికి ఇరుకైతదేమో అక్కా, పండనియ్యి. నేను గీ దగ్గర్నే దిగుత," అంది.

బతిమాలి కూర్చోబెట్టాను. ఆమె దిగింది నాతోపాటే, బస్సు ఆఖరున ఆగే చాంద్రాయణగుట్టలో.