పేజీ అడుగున పేరు

మా గైడు మేడం గారు పోయారని మొన్న ఒంగోలు నుంచి ఫోను వచ్చింది. రిటైరయ్యాక అక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు. "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది అక్కా, ఏం బాధపడలేదు" అంది వాళ్లమ్మాయి. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు.

యూనివర్సిటీలో ఆవిడంటే అందరికీ హడల్. థీసిస్ ఇస్తే వెనకనుంచి చదివేవారు, పెళ్లిసంబంధానికి వెళ్లి ముందు వంటిల్లు చూసొచ్చినట్టు. రిఫరెన్సులు సరిగ్గా ఉంటేనే మొదటి పేజీకి వెళ్లేవారు. స్టాఫ్‌రూములో ఎవరైనా పుకారు చెప్పినా వదిలేవారు కాదు. "ఎవరన్నారు? పేజీ నెంబరెంత?" అనేవారు. నేను ఇంటినుంచి కారం తీసుకెళ్తే, ఏ ఊరి కాయో, ఎవరు కొట్టారో చెప్పాకే మూత తీసేవారు.

నా పరిశోధన మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ల మీద. నల్లపాడు చుట్టుపక్కల కల్లాల్లో కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చాను. సీనియర్లందరిలాగే నేనూ పేరు, సంవత్సరం బ్రాకెట్లో పెట్టే పద్ధతే పట్టుకున్నాను. సాఫ్ట్‌వేరే అంతా చేసిపెడుతుందని ధీమా. అది ఇంటిపేరు ఉంచి, అసలు పేరును పొడి అక్షరం చేసేసింది. తాళ్లూరి మరియమ్మ కాస్తా 'ఎం. తాళ్లూరి' అయింది. పైగా ఇంటర్వ్యూలను చివరి జాబితాలో చేర్చనక్కర్లేదని ఆ పద్ధతి నియమం, కాబట్టి పూర్తి పేరు ఇంకెక్కడా లేదు.

మేడం ఆ పేరున్న పేజీ దగ్గర ఆగారు. "ఈ ఎం. ఎవరమ్మా?"

"మరియమ్మ గారండీ. కల్లంలో..."

"కల్లంలోకెళ్లి ఎం. అని పిలువు, పలుకుద్దేమో చూద్దాం."

నేను తల దించుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించారు. "పద్ధతి ఎంచుకునేముందు నీ థీసిస్‌లో మాట్లాడేదెవరో చూసుకో. పుస్తకాలు రాసినవాళ్లకైతే ఇది చాలు. వీళ్లకి పుస్తకాల్లేవు, పేరొక్కటే ఉంది. అది వాళ్ల మాట కిందే, అదే పేజీలో కనపడాలి. ఫుట్‌నోట్లకి మార్చెయ్."

అప్పటికే గడువు దగ్గరపడింది. కమిటీలో ఒకాయన, "ఇప్పుడు మార్చడమేంటండీ, ఆలస్యమైతే అమ్మాయి నష్టపోతుంది" అన్నారు.

"తనూ నేనూ కూర్చుని మార్చుకుంటాం. మీకేం శ్రమ లేదు లెండి" అన్నారు మేడం.

అన్నట్టే కూర్చున్నారు. చుక్కా కామా అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండేదాకా నన్ను లేవనివ్వలేదు. "ఏ పద్ధతైనా పట్టుకో. పట్టుకున్నాక చివరిదాకా వదలకు" అనేవారు. ఇప్పుడు నా విద్యార్థులకు ఆ మాట ఆవిడ పేరు చెప్పి మరీ చెబుతాను.

వైవాకి ఆ ఆడవాళ్లను పిలవమన్నదీ ఆవిడే. వాళ్లు ఆ పూట పని మానుకుని ఆటోలో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు ఒక పేజీ తెరిచి, "ఈ మాట చాలా బాగుందమ్మా, ఎవరిది?" అంటూ అడుగున చూసి, "తాళ్లూరి మరియమ్మ" అని పైకి చదివారు.

మరియమ్మ గారు పైట సర్దుకుని లేచారు. "నేనేనండీ" అన్నారు.

మేడం ఆవిణ్ని కూర్చోమనలేదు. తనే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.