కాగితం పేరు

మా నాయనమ్మకు రెండు పేర్లు. ఒకటి పుట్టినప్పుడు వాళ్ళమ్మ పెట్టిన దేవత పేరు. రేషన్ కార్డులోనూ ఆధార్‌లోనూ అదే ఉండేది. రెండోది పదహారేళ్ళప్పుడు ఉయ్యూరు దగ్గర కాలువలో బాప్తిస్మం తీసుకున్న రోజు పాస్టరుగారు పెట్టిన పేరు. ఇంట్లో, పేటలో, చర్చిలో అందరూ ఆమెను ఆ రెండో పేరుతోనే పిలిచేవారు. మొదటి దాన్ని మేము కాగితం పేరు అనేవాళ్ళం.

మాది దళితపేట. దేశానికి రాజ్యాంగం వచ్చిన కొత్తలోనే ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్ హిందువులుగా ఉన్నవారికే చెల్లుతుందని దాని సారం. తర్వాత సిక్కులను చేర్చారు, బౌద్ధులను చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. చర్చికి వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. వెళ్తున్నామని కాగితం మీద రాస్తే మాత్రం చదువూ ఉద్యోగమూ చేజారిపోతాయి. అందుకే మా పేటలో చాలామంది ఆఫీసులో ఒకరు, ఆదివారం ఇంకొకరు. బళ్ళో మాస్టారు పాత రాజుల శాసనాల పాఠం చెబుతూ, రాజు రాయి మీద చెక్కిస్తే జనం దేవుణ్ణి దాచుకోవాల్సి వచ్చేదని అన్నప్పుడు క్లాసంతా నవ్వింది. మా పేట పిల్లలం నవ్వలేదు.

నాకు విజయవాడలో ప్రభుత్వోద్యోగం వచ్చిన ఏడాది కలెక్టరుగారికి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. మేము క్రైస్తవులమనీ, నా కుల ధ్రువపత్రం చెల్లదనీ. వారంలో తహసీల్దారు ఆఫీసు నుంచి విచారణకు వస్తారని కబురొచ్చింది.

నాన్న షుగర్ ఫ్యాక్టరీలో సీజను పనివాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ సాయంత్రం గోడ మీది సిలువను తీసి, బైబిలుతో కలిపి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచాడు. పొయ్యి పొగకు మాసిన గోడ మీద సిలువ ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. దాని మీద సున్నం వేస్తే ఇంకా తెల్లగా కనిపించింది. నాన్న బ్రష్షు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

గోడ కన్నా పెద్ద భయం నాయనమ్మతోనే. ఎనభై దాటింది, మతిమరుపు. ఏ అబద్ధం నేర్పినా గుర్తుండదు. నేర్పే పని నేను తీసుకున్నాను.

"నాయనమ్మా, నీ పేరేంటి?"

చర్చి పేరు చెప్పింది.

"అది కాదు. ఆఫీసరుగారు అడిగితే ఇంకోటి చెప్పాలి." కాగితం పేరు చెవిలో చెప్పాను.

"అదెవరే?"

"నువ్వే."

"నేను కాదు. ఆ పిల్ల ఎప్పుడో కాలవలో పోయిందిగా" అంది తాపీగా.

అయినా నేను ఆపలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే ప్రశ్న. అయిదో రోజుకు తడుముకోకుండా కాగితం పేరు చెప్పడం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

విచారణ రోజు అమ్మ ఆమెకు కుంకుమ బొట్టు పెట్టింది. పెళ్ళి నాడు కూడా బొట్టు పెట్టుకోని మనిషి. నాయనమ్మ అద్దంలో చూసుకుని, ఎదురింటావిడను పలకరించినట్టు తల ఊపింది.

ఆఫీసరుగారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచారు.

"మీ పేరేంటమ్మా?"

కాగితం పేరు చెప్పింది.

"ఏ దేవుణ్ణి కొలుస్తారు?"

"పోలేరమ్మనండీ. ఏటా కోణ్ణి కోస్తాం. మా అమ్మ వేపమండలు పట్టుకుని ముందు నడుస్తదండీ, నేను నీళ్ళచెంబు పట్టుకుంటా."

మేము ఇదేమీ నేర్పలేదు. ఆ గొంతు కూడా ఆమెది కాదు, పదేళ్ళ పిల్లది. వాళ్ళమ్మ ఇంకా బతికే ఉన్నట్టు మాట్లాడింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఫీసరుగారు అంతా రాసుకుని, లేస్తూ గోడ వంక చూశారు. కాసేపు అలాగే చూసి, "అక్కడేదన్నా క్యాలెండర్ తగిలించండి" అని నాన్నతో మెల్లగా అనేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం అమ్మ తడిగుడ్డతో బొట్టు తుడవబోతే నాయనమ్మ ఆమె చెయ్యి తోసేసింది.

"ఎందుకు చెరుపుతున్నావ్?"

నేను చర్చి పేరుతో పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. అప్పుడు నా వైపు తిరిగి, పరాయి పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఆమె లేదమ్మా. చర్చికెళ్ళింది. ఇంకా రాలేదు."

నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. ఉదయం లేవగానే బొట్టు అడిగేది. కంఠతా వచ్చిన కీర్తనలు ఒక్కటీ నోట రాలేదు. నన్ను చూపించి, "ఈ అమ్మాయి ఎవరమ్మాయి?" అని అమ్మనడిగేది. గంట మోగితే మాత్రం చర్చి వైపు తల తిప్పి ఎవరి కోసమో ఎదురుచూసేది.

ఒక ఆదివారం నేను భయపడుతూనే చర్చికి వెళ్ళాను. నాయనమ్మ ఎప్పుడూ కూర్చునే చాప మీద ఆమె స్నేహితురాలు, చూపు మందగించిన ముసలావిడ ఉంది. నేను పక్కన కూర్చోగానే అడిగింది.

"మీ నాయనమ్మ అప్పుడే వెళ్ళిపోయిందేంటే?"

"ఆవిడ రావట్లేదు కదా మామ్మా."

"అదేంటే, ఇందాకటిదాకా నా పక్కనే కూర్చుని పాడింది కదా. గొంతు కూడా బాగుంది ఈ మధ్య."

ప్రార్థన అయ్యేదాకా ఆగలేకపోయాను. ఎండలో ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, నుదుటి మీద కుంకుమ చెమటకు కారుతోంది. నన్ను చూసి ఆత్రంగా, "వస్తోందా?" అంది.

ఇంకో మూడు నెలలు బతికింది. ధ్రువపత్రం సరైనదేనని ఆఫీసువాళ్ళు తేల్చాక, చెరుకు నరికే రోజుల్లో పోయింది.

చర్చి వెనక సమాధుల దొడ్డిలో గొయ్యి తీశారు. పేటంతా వచ్చింది. ఆ ఉత్తరం రాసిందెవరో మాకు తెలియదు. ఆ గొయ్యి చుట్టూ నిలబడ్డవాళ్ళలోనే ఉండొచ్చు. ఒక్కొక్కరి ముఖమూ చూశాను. అందరూ ఏడుస్తున్నారు.

"పేరు చెప్పి ప్రార్థన చెయ్యనా?" అని పాస్టరుగారు నాన్ననడిగారు. నాన్న నా వంక చూశాడు. ఆ ఉద్యోగం నాది, మాట కూడా నాదే కావాలి. నేను తల వంచుకున్నాను. పాస్టరుగారు అర్థం చేసుకుని, "ప్రభువా, ఈ తల్లిని" అని మొదలుపెట్టారు. మొదటి నుంచి చివరిదాకా పేరు లేదు. సమాధి మీద రాయి కూడా పెట్టలేదు. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

మొన్న సెలవు పెట్టి సమాధి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. విజయవాడ వన్ టౌన్‌లో పూలు కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. మట్టిదిబ్బ ముందు నిలబడి పైకే చర్చి పేరుతో పిలిచాను. తర్వాత భయం వేసింది. ఆమె చివరికి తిరిగొచ్చిందో లేదో, అక్కడ పడుకున్నది ఇద్దరిలో ఎవరో నాకు తెలియదు. కాగితం పేరుతోనూ పిలిచాను.

పక్క చేలో చెరుకు కొడుతున్న ఒకావిడ కొడవలి ఆపి కేకేసింది. "ఎవరి కోసమమ్మా?"

"మా నాయనమ్మ కోసమండీ" అన్నాను.